రెండు ట్రక్కుల వాకిలి, పదకొండు ట్రక్కుల కంకర

ఆ రోజుల్లో నాకు ఈ లోకంలో టేపు పెట్టి కొలవలేనిది ఏదీ లేదని గట్టి నమ్మకం. సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి వేసవి సెలవులకి ఇంట్లో ఉన్నాను. ఎక్కడికి వెళ్లినా నా బ్యాగులో ఐదు మీటర్ల టేపు ఉండేది. బంధువుల పెళ్లికి వెళితే కల్యాణమండపం స్తంభాల మధ్య దూరం కళ్లతోనే కొలిచి, దూలం మందం చాలదేమోనని దిగులుపడి, గోడ వారన చోటు వెతుక్కుని భోజనానికి కూర్చునేదాన్ని. (ఆ దూలానికి ఏమీ కాలేదు. తర్వాత నా పెళ్లి కూడా ఆ మండపంలోనే జరిగింది. తలంబ్రాల మధ్యలో ఒకసారి పైకి చూసిన మాట నిజం.) ఇప్పుడు ఆ టేపు మా పాప బొమ్మల బుట్టలో ఉంది. దాన్ని పాము అంటుంది. పాప ఇందాకే నిద్రపోయింది, రేపటికి దాని సంచి సర్దడం పూర్తయింది, ఆ సంచిని చూస్తూ కూర్చుంటే ఈ కంకర సంగతంతా గుర్తొచ్చింది.

మాది నరసరావుపేట. అంతకు ముందు ఏడాదే ఊరి చివర, కోటప్పకొండ వెళ్లే రోడ్డు వైపు కొత్త ఇల్లు కట్టుకున్నాం. గడపలో నిలబడితే దూరంగా కొండ కనిపించేది. నాయనమ్మ పొద్దున్నే అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని, మెట్లెక్కే బాధ తప్పిందని తృప్తి పడేది. ఇల్లు బాగానే కుదిరింది గాని, ఇంటి ముందు వాకిలి ఉత్త నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చేది. వాన పడిందంటే గేటు నుంచి మెట్ల దాకా వచ్చేసరికి ఒక్కో చెప్పు ఇటుకంత బరువయ్యేది. మా నాన్నకి ఎరువుల కొట్టు. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, ఒక చెప్పు బురదకి వదిలేసి, రెండో కాలు పైకెత్తుకుని కుంటుతూ లోపలికి రావడం ఒక వానాకాలమంతా చూశాం. ఈ కష్టం చూసీ చూసీ ఉన్న అమ్మ, ఒకనాడు ఫోనులో ఎవరిదో వాకిలి బొమ్మ పట్టుకొచ్చింది. వాకిలంతా సన్న కంకర, మధ్యలో నడవడానికి మాచర్ల బండలు, వాటి పక్కన పూలమొక్కలు. తొలకరి లోపు తనకి అచ్చం ఇట్టాంటిదే కావాలని ఫోనుని నాన్న ముక్కుకి ఆనించి మరీ చూపించింది.

నాకు కావలసింది వేరే. హైదరాబాదులో ఒక కట్టడాల కంపెనీ వాళ్లు ఆరు నెలల ట్రైనింగ్ ఇస్తామన్నారు. కాలేజీ వాళ్లు ఒక ఉత్తరం ఇచ్చారు. దాని చివర తండ్రి సంతకం కోసం ఒక గీత. ఆ గీత మీద సంతకం పడితే వెళ్తాను, లేకపోతే లేదు. నాన్న ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగారు. నాయనమ్మ మాత్రం ఆడపిల్ల ఇనప టోపీ పెట్టుకుని ఎండలో నిలబడే చదువు ఏం చదువని రోజూ భోజనాల దగ్గర అడిగేది. (టోపీ ఇనపది కాదని చెప్పి చూశాను. అయితే మరీ ప్రమాదం అంది.) చివరికి ఒక రోజు నాన్న ఫోనులో వాకిలి బొమ్మనీ, నన్నూ మార్చి మార్చి చూసి ఒక మాట అన్నారు.

"ఈ వాకిలి పని నువ్వే చూడమ్మా. కంకర ఎంత కావాలో నువ్వే లెక్క తేల్చు. ఎక్కువా తక్కువా కాకుండా చేయించావంటే సంతకం పెడతా. మన వాకిలి లెక్కే తేలకపోతే ఇంక వాళ్ల అపార్టుమెంట్లు నువ్వేం తేలుస్తావు?"

మా ఇల్లు కట్టినాయన్ని అందరూ చూపుల మేస్త్రీ అనేవాళ్లు. ఆయన టేపు వాడగా ఎవరూ చూడలేదు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి చూస్తే కొలత వచ్చేసినట్టే. నాన్న పిలిస్తే వచ్చి, గేటు దగ్గరే నిలబడి, కన్ను మూసి తెరిచి, "రెండు ట్రక్కులమ్మా, సరిపోద్ది" అన్నాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులు రెండు. అంతే, టీ తాగి వెళ్లిపోయాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. కంటితో చూసి కంకర కొనే రోజులు పోయాయని ఈయనకి ఎవరైనా చెప్పాలి, ఆ చెప్పేది నేనే అయితే బాగుంటుంది అనుకున్నాను.

రెండు రోజులు కొలిచాను. టేపు ఒక చివర నేను, రెండో చివర అమ్మ. పొయ్యి మీద పప్పు మాడుతోందని అమ్మ మధ్యలో వదిలేస్తే టేపు సర్రున వచ్చి నా చెయ్యి కొట్టేది. మొత్తానికి ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై ఏడు అడుగుల పొడవు. కంకర ఎంత మందం పరవాలని అడిగితే, అమ్మ నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి అడ్డంగా చూపించి, బెత్తెడు అంది. ఆ వేళ్లు కూడా కొలిచాను. మూడంగుళాలు. లెక్క కడితే నూట ముప్పై అయిదు ఘనపుటడుగులు. మా వైపు ట్రాక్టరు ట్రక్కులో డెబ్భై దాకా పడుతుంది. అంటే రెండు ట్రక్కులు. ఇదేదో తేడాగా ఉందని మళ్లీ చేశాను. రెండే. అడుగుల్లో కాదులెమ్మని మీటర్లలోకి మార్చి చేశాను. అప్పుడూ రెండే వచ్చింది.

చదివేవాళ్లు దీన్ని విజయం అనుకోవచ్చు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మూడేళ్లు చదివిన నాకూ, ఒక కన్ను మూసిన మేస్త్రీకీ ఒకటే జవాబు వస్తే నా చదువు ఏమైనట్టు? నేనేదో వదిలేసి ఉంటాను. ఆలోచించిన కొద్దీ వదిలేసినవి కనిపించసాగాయి. నల్లరేగడి నేల కొంత మింగుతుంది. తొక్కితే కొంత అణుగుతుంది. ట్రక్కు గతుకుల్లో పడితే దారిలో కొంత రాలుతుంది. తక్కువ పడితే సంతకం పోతుంది. ఎందుకైనా మంచిదని రెండుని సన్నగా, మర్యాదగా కొట్టేసి, పక్కన మూడు అని వేశాను. చీటీ తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పెట్టి, పైన ఉప్పు డబ్బా బరువు పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను.

చీటీ పని అప్పుడు మొదలైంది. ముందు నాయనమ్మ చూసింది. ఆవిడకి చదువు రాదు గాని అంకెలు వచ్చు. శుభమా అని వాకిలి బాగు చేసుకుంటూ మూడేంది, మూడు మంచిది కాదు, నాలుగు చెయ్యమని నాన్నకి చెప్పింది. నాన్న తల్లి మాట కాదనలేదు. పైగా జీవితమంతా బస్తాల వ్యాపారం చేసిన మనిషి, తూకం ఎక్కడైనా కొంత తగ్గే వస్తుందని ఆయన అనుభవం. నాలుగు చెబితే మూడున్నరే పోస్తారు కాబట్టి ఎందుకైనా మంచిదని అయిదు అనుకున్నారు. కంకర పంపేది ఎవరో కాదు, మా అమ్మ తమ్ముడు, రాళ్ల క్రషర్ నడిపే మామయ్య. నాన్న ఆయనకి ఫోను చేసి అయిదు చెప్పారు. మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తున్నప్పుడు అమ్మ తన తమ్ముడికి వేరుగా ఫోను చేసింది. అమ్మ ఇరవై మంది భోజనానికి వస్తారంటే నలభై మందికి వండే మనిషి. ఎవరైనా విస్తరి ముందు కూర్చున్నాక గిన్నె అడుగు గీకితే పరువు పోతుందని ఆవిడ భయం. మీ బావ ఎప్పుడూ తక్కువే చెబుతారు, ఎందుకైనా మంచిది, ఎనిమిది పంపరా అంది. ఇక మామయ్య. అక్క నోరు తెరిచి ఒకటి అడిగి ఎన్నేళ్లయిందో అని ఆయన కళ్లు చెమర్చాయట. కొత్త ఇంటికి పుట్టింటి సారె కింద రెండు ట్రక్కులు తన వంతుగా కలిపాడు. పది. పది అమ్మినవాడు కొసరు ఒకటి వెయ్యకపోతే ఏం బాగుంటుందని ఇంకోటి.

ఈ ఫోన్ల సంగతి ఒకరిది ఒకరికి తెలియదు. నేను మూడు ట్రక్కులు వస్తాయని, నాన్న అయిదని, అమ్మ ఎనిమిదని ఎవరి లెక్కలో వాళ్లం నిశ్చింతగా ఉన్నాం.

మర్నాడు పొద్దున్నే రెండు ట్రాక్టర్లు దిగాయి. మొదటి రెండు ట్రక్కులు వాకిట్లో పోశారు. మూడోదానికి నేను చీటీలో టిక్కు పెట్టుకున్నాను. నాలుగోది వస్తే, అడ్రసు తప్పి వచ్చిందేమోనని డ్రైవరుకి ఎదురెళ్లాను. ఆయన నా మీద జాలిపడి, "పదకొండమ్మా. ఇంకా ఏడున్నాయి" అన్నాడు. మామయ్యకి ఫోను చేస్తే ఎత్తడు. క్రషర్ తిరుగుతుంటే ఆయనకి పిడుగు పడ్డా వినపడదు. ట్రాక్టర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాకిలి నిండింది, గేటు నిండింది, గేటు ముందు రోడ్డు సగం నిండింది. నాన్న బైకు లోపల చిక్కుకుంది. ఆయన పంచె ఎగ్గట్టి, చెప్పులు చేత పట్టుకుని, నాలుగు అడుగులు పైకెక్కితే రెండు అడుగులు కిందికి జారుతూ కంకర గుట్ట దాటి కొట్టుకి నడిచి వెళ్లారు. (వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. అదే నయం.) ఆరో ట్రక్కు పోశాక మా గడపలోంచి కోటప్పకొండ కనపడటం మానేసింది. నాయనమ్మ చేతులు జోడించి వచ్చి, దణ్ణం ఎటు పెట్టాలో తెలియక కాసేపు నిలబడింది.

"ఏమే, ఉన్న కొండ చాలదని ఇంకోటి తెప్పించావా?"

సాయంత్రం వరండాలో విచారణ. మామయ్యని ఫోనులో స్పీకరు పెట్టి కూర్చోబెట్టారు. ముందు ఆయన తన సారె, కొసరు ఒప్పుకున్నాడు. తర్వాత అమ్మ మూడు ఒప్పుకుంది. నాన్న గొంతు సవరించుకుని ఒకటి. నాయనమ్మ తనదసలు తప్పే కాదంది, మూడు ఎవరు వెయ్యమన్నారు అంది. అందరి నోటా ఒకటే మాట, ఎందుకైనా మంచిదని. ఆ క్షణంలో నాకు ఒక దారి కనిపించింది. నేను మూడు రాశాను, మిగతా ఎనిమిది వీళ్లే కలిపారు అంటే సరిపోతుంది. నోరు మూసుకుని పుణ్యాత్మురాలిలా కూర్చున్నాను. నాన్న చీటీని దీపం వైపు ఎత్తి చూశారు.

"ఇక్కడేదో కొట్టేశావే?"

చెప్పక తప్పలేదు. ముందు రెండే వచ్చిందని, మేస్త్రీ చెప్పినంతే వచ్చేసరికి భయం వేసి మూడు చేశానని చెప్పాను. మొదటి ఎందుకైనా మంచిది నాదేనని చెప్పాను. నాన్న చీటీని మడిచి జేబులో, ఆ ఉత్తరం పక్కనే పెట్టుకున్నారు. నేను లోపలికి వెళ్లి, హైదరాబాదు కోసం కొనుక్కున్న కొత్త బ్యాగుని అటక ఎక్కించాను.

మా వైపు ఒక అలవాటు ఉంది. రోడ్డు మీద ఇసుకో కంకరో కుప్ప కనిపిస్తే అందులో ఒక బకెట్టు వీధి వాళ్లందరి హక్కు. ఇల్లు కట్టేటప్పుడు అమ్మ ఇసుక కుప్ప పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాసింది. చేత్తో బకెట్టు పట్టుకుని ఎవరు అటు వచ్చినా, ఏం వదినా ఎటు, అని పలకరించి తిప్పి పంపేది. ఇప్పుడు కూడా కుర్చీ వేసుకుంది, పని మాత్రం తిరగబడింది. ఎదురింటి అత్తయ్య కుళాయి కింద బురదగా ఉందని మొహమాటపడుతూ ఒక్క బకెట్టు అడిగింది. "ఒక్కటేంది వదినా, చానా ఉంది. ఎందుకైనా మంచిది, నాలుగు పోయించుకో" అంది అమ్మ. ఆ కబురు వీధంతా పాకింది. కుళాయిల కిందకి, గేదెల పాకల్లోకి, మసీదు మెట్ల ముందుకి, రోడ్డు మలుపులో మూడేళ్లుగా ఉన్న గుంతలోకి, మా కంకర నడిచి వెళ్లింది. అందరూ అవసరానికి తీసుకుని, ఇంకో రెండు బకెట్లు ఎందుకైనా మంచిదని పట్టుకెళ్లారు. గేదెల పాకాయన అయితే బండి కట్టుకొచ్చాడు. రోడ్డు ఖాళీ అయింది. నాన్న బైకు బయటికొచ్చింది. కొండ మళ్లీ కనిపించింది. అమ్మకి మాత్రం దానం చెయ్యడం అలవాటైపోయి, వాకిట్లో కుప్ప లోంచి కూడా ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆదివారం చూపుల మేస్త్రీ ఇద్దరు మనుషుల్ని వెంటపెట్టుకుని కంకర పరవడానికి వచ్చాడు. ముందు మాచర్ల బండలు పెట్టి, గేటు దగ్గర మొదలుపెట్టారు. బెత్తెడు మందం, చూడ ముచ్చటగా వస్తోంది. వాకిలి సగం దాటి ఇంకాస్త వచ్చాక పార చప్పుడు ఆగింది. మేస్త్రీ నడుము మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"అయిపోయిందమ్మా."

పదకొండు ట్రక్కులు వచ్చిన ఇంట్లో రెండు ట్రక్కుల వాకిలికి కంకర చాలలేదు. అమ్మ అందరికంటే ముందు తేరుకుని, ఎదురింటి వైపు ఒక చూపు చూసింది గాని, ఇచ్చింది అడగడానికి మొహం చెల్లలేదు. మేస్త్రీ ఎడమ కన్ను మూసి, నోరు తెరవబోయాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వాగు మేస్త్రీ. అమ్మాయి చెప్పుద్ది."

టేపు తెచ్చాను. ఈసారి రెండో చివర నాన్న పట్టుకున్నారు. ఇరవై అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల పొడవు ఖాళీ ఉంది. కాగితం మీద లెక్క కట్టాను. యాభై రెండున్నర. ట్రక్కులో డెబ్భై అయితే, ముప్పావు ట్రక్కు. తలెత్తి చూస్తే నాన్న, అమ్మ, నాయనమ్మ, మేస్త్రీ, పారలు పట్టుకున్న ఇద్దరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఒకటి అని చెబితే ఏం పోయింది అని నా లోపలి నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నారు. ఒకటి అంటే నిండుగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు, తక్కువ పడే భయం ఉండదు. నాన్న జేబులోంచి ఉత్తరం అంచు కనిపిస్తోంది.

"ముప్పావు ట్రక్కు" అన్నాను.

అమ్మ, ముప్పావేందే, అని ఏదో అనబోయి, నాన్న మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ ఇది చూడలేనన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. నాన్న అక్కడే నిలబడి మామయ్యకి ఫోను చేశారు.

"ముప్పావు ట్రక్కు పంపు. సారె వద్దు. కొసరొద్దు."

మధ్యాహ్నానికి వచ్చింది. పరుస్తుంటే నేను కంకర మోసే ప్రతి గమేళా లెక్కపెట్టాను. గోడ వారకి సరిపోయింది, తులసికోట చుట్టూ సరిపోయింది, మెట్ల దాకా వచ్చింది. ట్రక్కు ఊడ్చి చివరి పిడికెడు కూడా పోశారు. మెట్ల పక్కన, సరిగ్గా ఒక పీట వేసుకునేంత చోట, నల్లమట్టి అలాగే కనిపిస్తోంది. గమేళాడు తక్కువ. అందరూ ఆ నల్లటి మచ్చనే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లోపలి నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు. నాయనమ్మ, వంగిపోయి, యూరియా సంచి ఒకటి వెనక్కి వెనక్కి నడుస్తూ లాక్కొస్తోంది. గడప దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

"అంతా పంచిపెడతా ఉంటే ఎందుకైనా మంచిదని మొన్ననే తీసి మంచం కింద పెట్టా. నవ్వితే నవ్వండి."

మేస్త్రీ సంచి ఎత్తి గుమ్మరించి, కాలితో సర్దాడు. మచ్చ మూసుకుపోయింది. ఆయన రెండు కళ్లూ తెరిచి చూసి, నా వైపు తల ఊపాడు. నాన్న ఉత్తరం తీసి, బైకు సీటు మీద పరిచి, గీత మీద సంతకం పెట్టారు. నేను నమ్మలేక, గమేళాడు తక్కువ పడింది కదా నాన్నా అన్నాను.

"నీకు లెక్క వచ్చమ్మా. వచ్చిన లెక్కని నమ్మడమే రాలా. ఇవాళ నమ్మావు. ఆ గమేళాడు అంటావా, దానికి ఇంట్లో మేం లేమా?"

హైదరాబాదు వెళ్లాను, ఆరు నెలలు ఉన్నాను, ఇనపది కాని టోపీ పెట్టుకుని ఎండలో నిలబడ్డాను. బస్సెక్కే రోజు నేను సర్దుకున్నది ఒక బ్యాగు. బస్టాండులో లెక్కపెడితే అయిదు. గోంగూర పచ్చడి సీసాలు మూడు చాలన్నాను గాని, మూడు మంచిది కాదని మీకు తెలుసు కదా.

రేపు మా పాపని మొదటిసారి బడిలో దింపాలి. బడి అంటే రెండున్నర గంటలు. ఇందాక మా ఆయన దాని సంచి ఎత్తబోయి, మళ్లీ కింద పెట్టి, పాప వెళ్లేది బడికా కాపురానికా అని అడిగారు. తెరిచి చూశాను. ఆరు జతల బట్టలు, మూడు తువ్వాళ్లు, రెండు నీళ్ల సీసాలు, చలికోటు (ఇది జూన్ నెల, ఇది పల్నాడు). నాన్న చెయ్యి అడ్డం పెట్టినట్టే అనిపించింది. కాగితం తీసుకుని నిజంగానే లెక్క కట్టాను. రెండున్నర గంటలు, ఒక పాప, ఒక జత. అయిదు జతలు తీసి బీరువాలో పెట్టేశాను. చలికోటు కూడా తీసేశాను. వచ్చిన లెక్కని నమ్మాను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ వాకిలి మాత్రం అలాగే ఉంది. వెళ్లినప్పుడల్లా పాప మెట్ల పక్కనే చతికిలబడి, అక్కడి రాళ్లే ఏరి గౌను జేబులో వేసుకుంటుంది. ఒకటి తీస్తే సరిపోదు, జేబు కిందికి వేలాడేదాకా వేస్తుంది. ఎందుకే అన్ని, అంటే చెప్పడానికి దానికింకా ఆ మాట రాదు.

సంచి జిప్పు వేసే ముందు బీరువా తెరిచి ఒక జత తెచ్చి మళ్లీ లోపల పెట్టాను. ఇది నా లెక్కలోది కాదు. నాయనమ్మది.